దూరపు తోటకు ముందుగా

మార్చి 28

నీళ్ళ వంతుల పుస్తకంలో సగం కాగితాలు ఖాళీగా మిగిలాయి. పదకొండేళ్ళ కిందట ఊళ్ళో ఫలజ్ కాలువ పని వదిలి ఈ విడిది ఇంటికి చూసుకునేవాడిగా వచ్చినప్పుడు పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. ఏ తోటకు ఎప్పుడు నీళ్ళు వదిలానో, ఎప్పుడు కట్టేశానో రాసుకోవడం ఇరవై రెండేళ్ళ అలవాటు. ఇప్పుడు రాయడానికి తోటలు లేవు. రోజులు ఉన్నాయి.

హమ్యర్ గొంతు విని ముప్పై ఎనిమిది రోజులు.

షేక్ అజ్జాన్ మస్కట్ నుంచి ఒక్కరే కారు నడుపుకుంటూ కొండెక్కి వచ్చారు. డ్రైవరు లేకుండా వచ్చారంటే పని పెద్దదే. నలభై ఏళ్ళు దేశదేశాల్లో మన రాయబారిగా ఉన్న మనిషి. ఇప్పుడు పదవి లేదు, పని మాత్రం ఉంది. మూడు కప్పుల కాఫీ తాగి, కప్పు ఊపి చాలన్నారు.

"అబూ హమ్యర్, ఐదు రోజుల్లో రెండు జట్లు వస్తున్నాయి. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు. ఇటు పది మంది, అటు పది మంది. ఏ పక్కా ఒక్క దిండు ఎక్కువ ఉండకూడదు."

ఇలాంటి వాళ్ళు ఈ ఇంటికి రావడం ఇది ఐదోసారి. దేశాల పేర్లు రాయను. ఎప్పుడూ రాయలేదు. తూర్పు గదుల్లో దిగేవాళ్ళు తూర్పువాళ్ళు, పడమటి గదుల్లో దిగేవాళ్ళు పడమటివాళ్ళు.

ఏం పని మీద వస్తున్నారని నేను అడగలేదు. ఓడ సంగతి అని ఆయనే అన్నారు. ఫిబ్రవరిలో పట్టుకుపోయిన ఓడ.

కప్పులు కడిగి బోర్లించాను.

మార్చి 29

షేక్‌కు చెప్పి ఉండాల్సింది. అడిగితే చెప్పేవాణ్ణే. అడగలేదు. ఆయన చూసేవి పెద్ద సంగతులు. నావికుల పేర్ల పట్టీ చదివే తీరిక ఆయనకెక్కడిది.

తూర్పువాళ్ళ సరుకు మోస్తోందని పడమటివాళ్ళు ఆ ఓడను సముద్రం మధ్యలో ఆపి తమ రేవుకు తోలుకెళ్ళారు. ఓడలో పద్నాలుగు మంది. మా అబ్బాయి హమ్యర్ ఆ ఓడ ఇంజన్ గదిలో పనిచేస్తాడు. పైన ఏ సరుకు ఉందో వాడికి తెలియను కూడా తెలియదు. వారం తిరక్కుండా తూర్పువాళ్ళు పడమటివాళ్ళ మనుషులు ఎనిమిది మందిని ఒక సర్వే పడవ మీద నుంచి దింపి పట్టుకున్నారు. తూర్పువాళ్ళ దగ్గర ఎనిమిది, పడమటివాళ్ళ దగ్గర పద్నాలుగు. మే నెలలో ఓడవాళ్ళను కోర్టులో నిలబెడతామని పడమటివాళ్ళు ప్రకటించి ఉన్నారు. నిలబెడితే ఏళ్ళు పడుతుంది.

చెబితే నన్ను పక్కన పెట్టి ఇంకొకర్ని తెస్తారు. ఆ ఇంకొకరికి కుర్చీలు వరసగా వేయడం కూడా రాదు. చెప్పకపోవడం పని కోసమే.

మార్చి 31

తాడు పెట్టి గదులన్నీ కొలిచాను. పరుపులు, దీపాలు, అద్దాలు అన్నీ సమానం. తూర్పు కిటికీలకు గులాబీ తోట వాసన వస్తుంది, ఇది పూత కాలం. పడమటి కిటికీల్లోంచి లోయ కనిపిస్తుంది కానీ వాసన రాదు. అందుకని పన్నెండు గులాబీ కుండీలు మోయించి పడమటి వైపు పెట్టాను. తూర్పువాళ్ళకు లోయ ఎలా తెచ్చిపెట్టను? వాళ్ళ వైపు మేడ మీద చాపలు వేయించాను. అక్కడికెక్కితే లోయలో సగమైనా కనిపిస్తుంది.

మాటలు జరిగే చావడికి తూర్పు గదుల నుంచి ఇరవై రెండు అడుగులు. పడమటి గదుల నుంచి అరవై నాలుగు. ఇల్లు కట్టింది నేను కాదు.

పనివాళ్ళను కూర్చోబెట్టి ప్రతిసారీ చెప్పే మాటే చెప్పాను. ఈ ఇంట్లో పనిచేసేవాడికి అతిథి దగ్గర నుంచి ఏమీ అక్కర్లేదు. ఫొటో అక్కర్లేదు, బహుమానం అక్కర్లేదు, సాయం అక్కర్లేదు. మనకు ఏమీ అక్కర్లేదని తెలుసు కాబట్టే ప్రపంచంలో ఇంత చోటు ఉండగా ఈ కొండ మీదికి వస్తున్నారు. మనకు ఉన్న పెద్దరికం అదొక్కటే.

చెబుతున్నంతసేపూ గొంతు బాగానే ఉంది.

ఏప్రిల్ 2

ఇద్దరూ దిగారు. పడమటివాళ్ళు పద్దెనిమిది గంటలు ప్రయాణం చేసి వచ్చారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాళ్ళ నాయకుడు పొడుగు మనిషి. అరబ్బీ మాట్లాడతాడు గానీ పుస్తకంలో చదివినట్టుగా ఉంటుంది. తూర్పువాళ్ళు వచ్చింది రెండు గంటల్లో. వాళ్ళ పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. పూసలు తిప్పుతూ ఉంటాడు, కనిపించిన ప్రతివాణ్ణీ కొడుకా అంటాడు. యాభై తొమ్మిదేళ్ళ నన్నూ కొడుకా అన్నాడు.

ఏప్రిల్ 3

పని చెడింది. రేపు రాస్తాను.

ఏప్రిల్ 4

జరిగింది ఇది. ఉదయం పది గంటలకు రెండు జట్లూ రెండు గుమ్మాల్లోంచి ఒకేసారి చావడిలోకి రావాలి. తలుపు తట్టి వేళయిందని చెప్పడం నా పని. ఊళ్ళో కాలువ చివర ఉన్న తోటకు నేనెప్పుడూ ముందుగానే నీళ్ళు వదిలేవాణ్ణి. నీళ్ళు దూరం నడవాలి, దారిలో రాయి తాగుతుంది, మట్టి తాగుతుంది. దగ్గరి తోటకూ దూరపు తోటకూ ఒకేసారి వదిలితే అది సమానం కాదు. ఇరవై రెండేళ్ళలో దీన్ని తప్పన్నవాడు లేడు. అరవై నాలుగు అడుగులు కాబట్టి పడమటివాళ్ళ తలుపు మూడు నిమిషాలు ముందుగా తట్టాను. తర్వాత తూర్పుకు వెళ్ళాను.

మేడ మీద చాపపై కూర్చున్న తూర్పువాళ్ళ కాపలావాడు ఇదంతా చూశాడు. ఆ చాప వేయించింది నేనే. పరుగెత్తుకెళ్ళి చెప్పాడు. పెద్దాయన వేసుకున్న బూట్లు విప్పేశాడు. ముందు పిలిపించుకునేవాళ్ళు వాళ్ళూ, తర్వాత పిలిపించుకునేవాళ్ళం మేమూనా, అన్నాడట. అవతల పడమటివాళ్ళు పది ఖాళీ కుర్చీల ఎదురుగా ఇరవై నిమిషాలు కూర్చున్నారు. అవమానం అని వాళ్ళూ లేచిపోయారు. నిన్న రోజంతా ఎవరి గదుల్లో వాళ్ళు.

షేక్ నన్ను ఒక్క మాట అనలేదు. ఇవాళ పొద్దున మేడ మీదికి తీసుకెళ్ళి తూర్పు పెద్దాయన ముందు నిలబెట్టారు. ఎందుకు చేశావో నువ్వే చెప్పు అన్నారు. తోటల సంగతి, కాలువ సంగతి చెప్పాను. పెద్దాయన తన మనిషిని పంపి అడుగులు కొలిపించాడు. అరవై నాలుగే.

"మా నాన్న పుచ్చకాయలు వేసేవాడు," అన్నాడు పెద్దాయన. "కాలువ చివరి మడి మాదే. నీలాంటివాడు మా ఊళ్ళో ఒక్కడూ పుట్టలేదు కొడుకా. పుట్టి ఉంటే నేను ఈ రాజకీయాల్లోకి వచ్చేవాణ్ణి కాదు, హాయిగా పుచ్చకాయలు అమ్ముకునేవాణ్ణి."

రేపటి నుంచి ఇద్దరికీ ఒకే గంట కొట్టమన్నాడు. పడమటివాళ్ళ నడక పూర్తయ్యేదాకా తన గుమ్మం దగ్గర నిలబడి పూసలు తిప్పుకుంటానన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. షేక్ తల వంచుకుని చాపకేసి చూస్తూ ఉండిపోయారు.

మూడు నిమిషాలు. నీళ్ళ పద్ధతి అది.

ఏప్రిల్ 5

పదికి గంట కొట్టాను. పెద్దాయన మాట నిలబెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి లోపల అడుగు పెట్టారు. తలుపులు వేసి బయట నిలబడ్డాను. పడమటి నాయకుడు కుర్చీ జరుపుకున్న చప్పుడు, తర్వాత తూర్పు పెద్దాయన దగ్గు. ఈ ఇద్దరి దేశాలూ ఒకదాని పేరు ఒకటి మంచిగా పలికి ఎన్నేళ్ళయిందో. నేను వేసిన తివాచీ మీద కూర్చుని మాట్లాడుకుంటున్నారు. చిన్న దేశం మనది. పెద్ద దేశాలకు ఓడలున్నాయి, విమానాలున్నాయి. ఇలాంటి తలుపు లేదు.

ఏప్రిల్ 7, శుక్రవారం

నమాజుకు ఊరికి దిగాను. బావమరిది నబ్‌హాన్ ఇంట్లోనే ఉన్నాడు, టీవీ ముందు. పక్క దేశం మంత్రి ఎవరో బల్ల గుద్దుతున్నాడు. ఆ ఓడలో వాళ్ళ మనిషి కూడా ఒకడున్నాడు.

"చూడు బావా, అలా అడగాలి. మనవాళ్ళకు నోట్లో నాలుక ఉందా అసలు? 'విషయాన్ని గమనిస్తున్నాం' అని ఒక్క ముక్క. అదీ నాలుగో పేజీలో, ఖర్జూరాల ధర కింద."

కాఫీ చల్లారుతోంది తాగమన్నాను.

"తాగుతాలే. కాఫీ పోయడంలో మాత్రం మనల్ని మించినవాళ్ళు లేరు."

నేను నవ్వాను. నవ్వి ఉండాల్సింది కాదేమో.

మా ఆవిడ జువైనా గులాబీల పొయ్యి దగ్గర ఉంది. ఈ నెలంతా గులాబీనీరు కాచే పని. మొహం సెగకు కందిపోయింది. నన్ను చూసి లేవలేదు. నీ విడిదికి వచ్చినవాళ్ళు వాళ్ళేనా అని అడిగింది. ఎవరని నేను అడిగాను.

"తలపాగా సర్దుకుంటున్నావు. అబద్ధం చెప్పేముందు సర్దుకుంటావు."

చెయ్యి దించాను.

"ఏమీ అడగొద్దు వాళ్ళని. వాడి పేరు చెప్పు, చాలు. హమ్యర్ అని ఒకడున్నాడని వాళ్ళ చెవిన పడనివ్వు. కాఫీ పోస్తూ చెప్పొచ్చు కదా. ఎంతసేపు పడుతుంది?"

అది నా పని కాదన్నాను. బయల్దేరేటప్పుడు రెండు సీసాల గులాబీనీరు తెచ్చి నా చేతిలో పెట్టింది, అతిథుల చేతుల మీద చల్లడానికి. కారులో కూర్చుని రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక్క వేలు కూడా తేడా లేదు. కొడుకును పట్టుకున్నవాళ్ళకు కూడా మెడ దాకా నింపింది.

ఏప్రిల్ 8

వాన. రెండు జట్లూ చావడిలో సాయంత్రం దాకా.

ఏప్రిల్ 9

చిక్కు ఎక్కడో ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు, వంటవాడితో సహా. ఇద్దరికీ వదలడం ఇష్టమే. ముందు ఎవరు వదలాలన్నదే గొడవ. ఎనిమిది మంది ముందు రావాలి, తర్వాతే ఓడ అని పడమటివాళ్ళు. ఓడ ముందు కదలాలి, తర్వాతే ఎనిమిది మంది అని తూర్పువాళ్ళు. ముందు వదిలినవాడు వంగినవాడని వాళ్ళ వాళ్ళ దేశాల్లో చెప్పుకుంటారు.

షేక్ ఇవాళ ఈ గదికీ ఆ గదికీ తిరిగి పద్నాలుగు సార్లు చెప్పులు విప్పారు. పద్నాలుగుసార్లూ నేనే సరిచేసి పెట్టాను.

అడగకుండా ఉండటం కష్టంగా లేదు.

ఏప్రిల్ 10

నిన్నటిలాగే. కాఫీ ఇచ్చేటప్పుడు పడమటి నాయకుడి చెయ్యి నా చేతికి తగిలింది. కష్టంగా లేదు.

ఏప్రిల్ 11

పొద్దున గులాబీ తోటలో పడమటి నాయకుడు ఒక్కడే తిరుగుతున్నాడు. నన్ను చూసి ఆగాడు. ఈ పూలను ఎప్పుడు కోస్తారని అడిగాడు. ఎండ తగలకముందే అని చెప్పాను. నీకు పిల్లలున్నారా అని అడిగాడు. వాళ్ళ దేశంలో మొదటి మాటల్లోనే అడిగేస్తారు కాబోలు.

"ఒక్కడే కొడుకు."

"ఏం చేస్తాడు?"

"సముద్రం మీద పని."

"మంచి పని," అన్నాడు. "నా కూతురు కూడా సముద్రాల గురించే చదువుతోంది."

నిలబడే ఉన్నాడు. నేనేదో అంటానని కాదు, ఊరికే నిలబడ్డాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. ఒక పువ్వు కోసి ఇచ్చాను. వాసన చూసి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత నేను కూడా తూర్పు వైపు వెళ్ళి, పెద్దాయనకు ఒక పువ్వు ఇచ్చి వచ్చాను. సమానంగా ఉండాలి కదా.

ఏప్రిల్ 12

తూర్పువాళ్ళు రేపు మధ్యాహ్నం బయల్దేరుతున్నారని తెలిసింది. పెట్టెలు సర్దుకుంటున్నారు. పెద్దాయన షేక్ చెయ్యి పట్టుకుని, నువ్వు మంచివాడివి గానీ ఇది అయ్యే పని కాదు అన్నాడట.

నిలబడలేకపోయాను. మొదటి రోజే పని చెడగొట్టింది నేను. ఆ ఒక్క రోజూ పాడు కాకపోతే ఇంత దూరం వచ్చేది కాదేమో. సాయంత్రం అసర్ నమాజు తర్వాత షేక్ గదికి వెళ్ళాను. ఆయన నేల మీద కూర్చుని ఉన్నారు, గోడకు ఆనుకుని. ముసలితనం ఇవాళే కనిపించింది.

మూడు నిమిషాలు కాదు షేక్, ఆరు నిమిషాలు, అన్నాను.

ఆయనకు వెంటనే అర్థమైంది.

పడమటివాళ్ళ తలుపు ఆరు నిమిషాలు ముందుగా తట్టాను. అరవై నాలుగు అడుగులకు మూడు నిమిషాలు కూడా ఎక్కువే. మిగతా మూడూ నావి. ఆ తలుపు దగ్గర నిలబడటానికి. తలుపు తీసినవాడితో ఏదో చెప్పాలని. చెప్పలేదు. కానీ ఆ మూడు నిమిషాలు నీళ్ళ పద్ధతి కాదు. తూర్పువాళ్ళకు కోపం రావడంలో న్యాయం ఉంది. ఇదంతా ఇలాగే చెప్పాను, కాస్త తడబడుతూ. తర్వాత ఎందుకో కూడా చెప్పాలి కదా. షేక్, ఆ ఓడలో, అని మొదలుపెట్టాను.

"తెలుసు," అన్నారు.

ఆగిపోయాను.

"పదకొండేళ్ళ నుంచి నిన్ను నీ కొడుకు పేరుతోనే పిలుస్తున్నాను. పట్టీలో ఆ పేరు కనిపిస్తే ఆగనా, అబూ హమ్యర్?"

నేలకేసి చూశాను. తెలిసీ నన్నెందుకు ఉంచారని అడిగాను.

"కుర్చీలు వేసేవాళ్ళు దొరుకుతారు. ఈ తగువు తెగాలని ప్రాణం పెట్టి కోరుకునేవాడు ఒక్కడైనా ఈ ఇంట్లో ఉండాలనుకున్నాను. వచ్చినవాళ్ళలో అలాంటివాడు ఎవడూ లేడు. నాకు కూడా అది పనే." మళ్ళీ ఆయనే అడిగారు. "ఆ మూడు నిమిషాల్లో ఒక్క మాటైనా అన్నావా?"

"లేదు."

"మరింకేం."

వెళ్ళబోతుంటే కూర్చోమన్నారు. ఏదో ఆలోచిస్తున్నారు. మీ ఊళ్ళో వంతు ఎక్కడి నుంచి లెక్కపెడతారు అని అడిగారు, తూము తెరిచినప్పటి నుంచా, నీళ్ళు తోటలో పడినప్పటి నుంచా. తోటలో పడినప్పటి నుంచే అన్నాను. తెరవడాన్ని ఎవరూ చూడరు. తెరిచింది ముందా వెనకా అన్న గొడవ ఉండదు. తోట గట్టు మీద నిలబడి నీళ్ళు వచ్చింది చూసి, సరే అంటారు.

"ఎవరూ చూడరు," అన్నారు షేక్.

తర్వాత లేచి తలపాగా చుట్టుకున్నారు. ఓడ అక్కడి నుంచి మన రేవుకు రావడానికి ఎన్ని రోజులని అడిగారు. ఆ సంగతి ఆయనకు నాకన్నా బాగా తెలుసు. అయినా చెప్పాను. తొమ్మిది రోజులు. వాడు బయల్దేరిన ప్రతిసారీ లెక్కపెట్టేవాణ్ణి.

ఏప్రిల్ 13

తగువు తెగింది.

ఏప్రిల్ 14

ఓడ పడమటివాళ్ళ రేవు నుంచి కదలడం గురించి ఎవరూ ప్రకటన చేయరు. ఎనిమిది మందిని జైలు నుంచి బయటికి తేవడం గురించి కూడా చేయరు. ఓడ తొమ్మిది రోజులు నడిచి మన రేవుకు వస్తుంది. ఆ ఎనిమిది మందిని తెచ్చే విమానం రెండు గంటలు ఎగిరి అదే పూట మన నేల మీద దిగుతుంది. మన మనిషి ఒకడు రేవులో, ఒకడు విమానాశ్రయంలో నిలబడి ఫోన్‌లో ఒకరికొకరు చెప్పుకుంటారు. లెక్క అప్పటి నుంచి. ముందు అన్న మాట కాగితంలో ఎక్కడా లేదు.

ఓడ దారిలో ఉండగా తాము మాట తప్పితే ఏం చేస్తారని తూర్పు పెద్దాయనే పడమటి నాయకుణ్ణి అడిగాడట. అప్పుడు ఓడ మీ రేవులో కాదు, వీళ్ళ రేవులో ఉంటుంది కదా, వీళ్ళ మీద నమ్మకం మీకుందా లేదా, నాకుంది, అన్నాడట అతను షేక్ వైపు చూపించి. షేక్ ఇది చెప్పి, ఆ మాట అనిపించడానికి మనకు యాభై ఏళ్ళు పట్టింది అబూ హమ్యర్ అన్నారు. యాభై ఏళ్ళు ఎవర్నీ ఏమీ అడక్కుండా ఉన్నందుకు.

రెండు జట్లకూ హల్వా పంచాను. పళ్ళెంలో మిగిలిన ముక్క నేను తిన్నాను. ఇంత గర్వంగా ఎప్పుడూ ఏమీ తినలేదు.

ఏప్రిల్ 15

అందరూ వెళ్ళిపోయారు. ఏమని ప్రకటిస్తారో షేక్ చెప్పారు. తమ పట్టుదలకు అవతలివాళ్ళు దిగివచ్చారని వీళ్ళు చెబుతారు, తమ పట్టుదలకు వీళ్ళు దిగివచ్చారని వాళ్ళు చెబుతారు. ఇంకేదో పెద్ద దేశం తనవల్లే అయిందని చెప్పుకుంటుంది. చెప్పుకోనిస్తాం. మన పేరు ఎక్కడా ఉండదు. ఉంటే ఇంకోసారి ఎవరూ రారు.

ఇంకొకటి కూడా అన్నారు. ఓడ వచ్చే రోజు రేవు నిండా కెమెరాలుంటాయి. ఈ ఇంట్లో పనిచేసేవాళ్ళెవరూ ఆ చుట్టుపక్కల కనిపించకూడదు. ఒక్క ఫొటోలో నీ మొహం పడి, వచ్చిన పడమటివాళ్ళలో ఒకడు గుర్తుపట్టాడంటే, ఈ ఇంటి మీద నమ్మకం అంతే. అర్థమైందన్నాను. ఆయన ఈ మాట నా మొహం చూడకుండా అన్నారు. పరుపులు ఎండలో వేయించడానికి వెళ్ళాను.

ఏప్రిల్ 19

ఓడ సగం దారిలో ఉంటుంది. గాలి నెమ్మదిగానే ఉంది.

ఏప్రిల్ 21, శుక్రవారం

ఇంటికి వెళ్ళాను. జువైనాకు ప్రభుత్వం నుంచి ఫోన్ వచ్చిందట, ఇరవై నాలుగున రేవుకు రమ్మని. ఆమె నాకు చెప్పింది. అల్హమ్దులిల్లా అన్నాను. నా తలపాగాకేసి చూసింది. చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాను.

నబ్‌హాన్ కారు కడిగిస్తున్నాడు. నువ్వు రాకపోవడమేమిటి బావా అన్నాడు. విడిదిలో పని ఉందన్నాను. కొడుకు తిరిగొస్తుంటే దిండ్లు లెక్కపెట్టే పనా, అన్నాడు.

జువైనా వాణ్ణి కసిరింది. పోనీలే, రానివాడిని లాక్కుపోతామా, అంది.

ఏప్రిల్ 24

పదిన్నరకు షేక్ ఫోన్ చేశారు. రెండే మాటలు. వచ్చాయి, రెండూ.

మధ్యాహ్నం దాకా ఏం చేశానో గుర్తులేదు. కుండీలన్నీ మళ్ళీ వాటి చోట్లలో ఉన్నాయి, కాబట్టి మోసి ఉంటాను.

ఏప్రిల్ 25

సెలవు పెట్టి ఊరికి దిగాను. మావాడు గడ్డం పెంచి, చిక్కిపోయి ఉన్నాడు. నుదురు ముద్దు పెట్టుకున్నాడు. వాడి ఒంటికి ఇంకా సముద్రపు వాసన వేస్తోంది. ఊరు ఊరంతా మా వాకిట్లోనే ఉంది. పొద్దున్నే గుంత తీసి, నిప్పుల్లో మగ్గడానికి మేకమాంసం పూడ్చిపెట్టారు.

నబ్‌హాన్ పేపరు పట్టుకొచ్చాడు. ఆ పెద్ద దేశం మంత్రి ఫొటో, కింద పెద్ద అక్షరాలు. బల్ల గుద్దినవాడి ఫొటో కూడా వేశారు. అందరూ దాన్ని చేతులు మార్చుకున్నారు. హమ్యర్ చదివి పక్కన పెట్టాడు.

రేవులో మనవాళ్ళు ఉన్నారా అని ఎవరో అడిగారు. ఉన్నారు, నీళ్ళ సీసాలిచ్చారు, అన్నాడు హమ్యర్. కొందరు నవ్వారు. రెండు నెలలు ఆ ఇనుప గదిలో పడుకుని రోజూ అనుకునేవాడట, మన దేశం ఏదో ఒకటి మాట్లాడుతుందని. కాపలావాడు పేపర్లు తెచ్చి చూపించేవాడట, నీ దేశం పేరు ఎక్కడుంది చూపించు అని.

తర్వాత నా వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. అందరూ వింటున్నారు.

"నాన్నా, నువ్వు ప్రభుత్వ విడిదిలోనే పని చేస్తావు. పెద్దపెద్దవాళ్ళు వస్తారు. నా కోసం ఎవరితోనైనా ఒక్క మాట అన్నావా?"

జువైనా వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"లేదు," అన్నాను. "ఒక్క మాట కూడా అనలేదు."

వాడు తల ఊపాడు. అనుకున్న జవాబే వచ్చినట్టు.

ఇరవై రెండేళ్ళు నీళ్ళు పంచాను, పదకొండేళ్ళు ఇల్లు చూశాను. ఇంత నిజమైన మాట ఎవరితోనూ అనలేదు. నడుం నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. జువైనా లోపలి నుంచి పళ్ళెం తెచ్చింది. ముందు అతిథులకు కాకుండా, ముందు కొడుకుకు కూడా కాకుండా, ముందు నా ఎదురుగా పెట్టి వెళ్ళింది. అలా ఎందుకు చేసిందో ఎవరికీ అర్థం కాలేదు. పళ్ళెం హమ్యర్ వైపు జరిపాను.

భోజనమంతా వాడు నాతో మాట్లాడలేదు. కానీ మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.